బెంచి మీద భుజం పోగొట్టుకునే విద్య

మా గాజువాకలో టీ కొట్టు దగ్గర మనిషిని షిఫ్టును బట్టి గుర్తుపడతారు. "ఏటి గురూ, ఏ షిఫ్టు?" అని అడిగితే చాలు, అవతలివాడు నిద్ర లేచి వస్తున్నాడో, నిద్రకు పోతున్నాడో తెలిసిపోతుంది. జిమ్ములో కొలత వేరు. "ఏటి గురూ, బెంచి ఎంత?" కాళ్ళు ఎంత మోస్తాయని ఎవడూ అడగడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అసలే అడగడు. ఇంటర్ పిల్లాడికి ర్యాంకు ఎలాగో జిమ్ముకెళ్ళే మగాడికి బెంచి అలాగ. వెల్లకిలా పడుకుని ఎంత ఇనుము పైకి తోశాడన్నదే అతని ఇంటిపేరు, గోత్రం.

ఆ అంకె పెంచుకోవడానికి కోచ్‌లున్నారు. భుజం కాపాడుకోవడానికి డాక్టర్లున్నారు. శ్రద్ధగా, ఒక పద్ధతి ప్రకారం భుజాన్ని పాడుచేసుకోవాలనుకునే వాడికి మాత్రం చెప్పే దిక్కు నా కంటికి కనబడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. నలభై రెండేళ్ళ వయసు, ఆఫీసులో కుర్చీ ఉద్యోగం, రెండేళ్ళ జిమ్ము అనుభవం, ఒక కుడి భుజం. ఇవీ నా అర్హతలు.

మీ ఇంట్లో హార్బరులో పనిచేసే బావమరిది ఉంటే ముందుగా అతన్ని జిమ్ము దరిదాపులకు రానివ్వకండి. నేను చేసిన మొదటి పొరపాటు అదే. మావాడు క్రేను కింద నిలబడి చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మన్. 1933లో జలదుర్గ అనే ఓడ మొట్టమొదటగా వచ్చిన నాటి నుంచి విశాఖ రేవులో బరువులు ఎత్తుతూనే ఉన్నారు కానీ, ఇంతకాలంలో ఒక్కడూ క్రేను దగ్గరికెళ్ళి "నీ బెంచి ఎంత?" అని అడిగిన పాపాన పోలేదట. అడగక్కర్లేదు కూడా. ఎంత ఎత్తొచ్చో దాని ఒంటి మీదే పెయింటుతో రాసి ఉంటుంది. ఎస్.డబ్ల్యూ.ఎల్. అంటారు. అపాయం లేకుండా ఎత్తగల బరువు అని అర్థం. 20 టన్నుల లోపు క్రేనయితే ఆ రాసిన బరువు మీద ఇంకో 25 శాతం వేసి పరీక్ష చేస్తారు. 5 ఏళ్ళకోసారి మళ్ళీ పరీక్ష. ఏడాదికోసారి కొక్కెం, తాడు, పిన్ను అన్నీ నిదానంగా చూడడం. అన్నిటికీ కాయితం.

"బావా, నీ భుజానికి కాయితం ఏదీ?" అన్నాడు వచ్చిన మొదటిరోజే.

ఇనుముకున్న పిరికితనం మనిషికి ఉండకూడదని చెప్పి పంపేశాను. మీరూ అలాగే చెప్పండి. డ్యూటీలో నేర్చుకున్న జాగ్రత్త ఒక్కటి కూడా జిమ్ము గడప దాటి లోపలికి రాకూడదు. హెల్మెట్టు, బూట్లు, భయం మూడూ బయటే విప్పాలి.

ఇక అసలు విద్య. ఒళ్ళు వేడెక్కించడం అనే కాలక్షేపం పెట్టుకోకండి. స్టీల్‌ప్లాంటులో కోక్ ఓవెన్లను ఒక్క రోజులో వెలిగించెయ్యరు. లోపలి సిలికా ఇటుక వేడికి వ్యాకోచిస్తుంది, తొందరపడితే పగుళ్ళిస్తుంది, అందుకని వారాల తరబడి కొంచెం కొంచెంగా వేడి పెంచుకుంటూ పోతారు. అది ఇటుక సంగతి. మనం ఇటుకలం కాదు కదా! స్కూటరు స్టాండేసి, సెల్లు జేబులో పెట్టి, నేరుగా బెంచి మీదికి వాలిపోవడమే. కొందరు పిరికివాళ్ళు ముందు ఒట్టి రాడ్డుతో పదిహేనుసార్లు, తర్వాత 40 కిలోలతో ఎనిమిది, 60తో అయిదు, 75తో రెండు అని మెట్లు కట్టుకుంటూ వెళతారు. పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో ఎన్ని రీళ్ళు చూడొచ్చు!

పైగా ఒట్టి రాడ్డు ఎత్తుతుంటే అద్దంలో ఏం బాగుంటుంది? పోటీల్లో వాడే రాడ్డు బరువు 20 కిలోలు. స్టీల్‌ప్లాంటు తయారుచేసే 16 మిల్లీమీటర్ల టీఎంటీ కడ్డీ, 12 మీటర్ల పొడవుది తూస్తే దాదాపు 19 కిలోలు ఉంటుంది. అలాంటి కడ్డీలు మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా భుజాన మోస్తాడు, వాడికెవరూ చప్పట్లు కొట్టరు. అలాంటప్పుడు ఒక కడ్డీ బరువు ఎత్తడానికి మనం నెలకి పదిహేను వందలు కట్టాలా?

తర్వాత మోచేతులు. ఇది ముఖ్యం, కాస్త నిదానంగా చదవండి.

భుజం బంతీ గిన్నె కీలు అని బళ్ళో చదువుకున్నాం. గిన్నె అనడం మర్యాదకి. గిన్నె ఉన్నది తుంటి దగ్గర. భుజం దగ్గర ఉన్నది సాసరు. సాసరులో బత్తాయికాయ పెట్టి చెయ్యి అన్ని వైపులా తిప్పినా దొర్లిపోకుండా చూసుకోమంటే ఎలా ఉంటుందో ఈ కీలు పని అలా ఉంటుంది. అందుకే చెయ్యి వీపు గోక్కోవడానికీ వెళుతుంది, అటక మీది డబ్బా అందుకోవడానికీ వెళుతుంది. ఆ బత్తాయిని చుట్టూ పట్టుకుని నడిమధ్యలో నిలబెట్టేవి నాలుగు చిన్న కండలు: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నలుగురినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. పెళ్ళి పల్లకీ అనుకోండి. లోపల కూర్చున్న పెళ్ళికొడుకు ఛాతీ కండ, ఫోటోలన్నీ అతనివే. ఈ నలుగురూ బోయీలు. బోయీల ఫోటో ఎవడైనా తీశాడా?

ఆ నలుగురిలో మొదటి బోయీ దారి ఇరుకు. భుజం పైనుంచి ఒక ఎముక చూరులా ముందుకు వస్తుంది. దాని కిందనుంచి ఈ కండ తాలూకు తాడు వెళ్ళి చేతి ఎముకకు అంటుకుంటుంది. మోచేతుల్ని ఒంటికి సరిగ్గా 90 డిగ్రీల్లో, అటొకటి ఇటొకటి చాచి బరువు దించారనుకోండి, చూరుకీ చేతి ఎముకకీ మధ్య ఈ తాడు నలుగుతుంది. ఒకసారికి ఏమీ కాదు. వారానికి యాభైసార్లు చొప్పున ఏడాది నలిపితే కొబ్బరితాడైనా పీచు లేస్తుంది. కనుక నా సలహా, జటాయువులా రెక్కలు బారజాపండి. జటాయువు కథ చివరికి ఎలా అయిందన్నది తర్వాతి సంగతి. మోచేతుల్ని పక్కటెముకల వైపు కాస్త దించి 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంచే వాళ్ళను చూస్తే నాకు జాలి. వాళ్ళ భుజాలు అరవయ్యో ఏట కూడా పనిచేస్తుంటాయి, ఇంట్లో సామాన్లు దించే పని వాళ్ళకే పడుతుంది.

రాడ్డును ఎంత దూరం పట్టుకోవాలి? ఎంత దూరం పట్టుకుంటే అంత తక్కువ దూరం ప్రయాణం. పెట్రోలు ఆదా. పోటీ రాడ్డు మీద రెండు వైపులా సన్నటి గీత కనబడుతుంది. ఆ రెండు గీతల మధ్య 81 సెంటీమీటర్లు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పోటీల్లో చూపుడువేళ్ళు ఆ గీత దాటి బయటికి పోకూడదు. అది గరిష్ఠ హద్దు. పుష్కరాల ఘాట్‌లో "ఇంతకు మించి లోతుకు దిగరాదు" అన్న బోర్డు లాంటిది. మా జిమ్ములో దాన్ని "ఇక్కడే స్నానం చేయవలెను" అని చదువుతారు. మనిషి భుజాల వెడల్పు ఎంతో చూసుకుని, దానికి ఒకటిన్నర రెట్లలోపు పట్టుకుంటే కీలుకు సుఖమని చెప్పే వాళ్ళున్నారు. మనకి సుఖం ఎందుకు?

బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ళ పక్కనే పెట్టే పట్టు ఒకటుంది. దాన్ని లోకమంతా ఆత్మహత్య పట్టు అంటుంది. పోటీల్లో నిషేధం. అయినా మన విశాఖలో దానికి అదనపు సొగసుంది. మే నెల సాయంత్రం ఆర్కే బీచి వైపు కిటికీ తెరిచిన జిమ్ములో నిలబడితే చాలు, ఏమీ ఎత్తకుండానే అరచేతులు చెమ్మగిల్లుతాయి. ఉప్పుగాలికి రాడ్డు మీది గరుకంతా తుప్పు పట్టి, మెట్టు అరిగిన రాతిలా నున్నగా అయి ఉంటుంది. ఆ రాడ్డు, ఆ చెమట, ఆ పట్టు. కింద మన మెడ. తువ్వాలు, చాక్‌పొడి లాంటివి అడిగి పరువు తీసుకోకండి.

పడుకునే తీరు గురించి చెప్పనే లేదు. ఎన్‌సీసీలో "సావధాన్" అనగానే రొమ్ము ముందుకొచ్చి రెండు రెక్క ఎముకలు వీపు మీద దగ్గరికి చేరతాయి చూడండి, బెంచి మీద కూడా అలా వెనక్కి, కిందికి లాగి బిగించి పడుకుంటే భుజానికి కింద గట్టి అరుగు దొరుకుతుంది. మీకు అరుగెందుకు, ఇసుకలో పడుకున్నట్టు వాలిపోండి. కాళ్ళు నేలకు ఆనించడం కూడా ఎందుకు? గాల్లోకి లేపండి, అందంగా ఉంటుంది.

బరువు దించేటప్పుడు వదిలెయ్యండి. అదే దిగుతుంది. రొమ్ము మీద పడి పక్కటెముకల మీద రబ్బరు బంతిలా ఎగిరినప్పుడు, ఆ ఊపు పోకముందే పైకి తొయ్యాలి. ఛాతీ కండ ఎముకను వదిలేసి తెగిపోవడం అన్నది బెంచి మీద ఎక్కువగా జరిగేది పైకి తోసేటప్పుడు కాదు, కండ సాగుతూ బరువును కిందికి దించుతున్నప్పుడు. అంటే దించడమే అసలు పని, రెండు మూడు సెకన్లు పట్టాల్సిన పని. ఈ రహస్యం తెలిసిన వాళ్ళు తక్కువ, తెలియనివ్వకండి.

సపోర్టు ఇచ్చేవాడి ఎంపికలో జాగ్రత్త అవసరం. ఎప్పుడూ సెల్లు చూసుకునే వాణ్ణే పిలవాలి. "ఇంకొక్కటి గురూ! నీదే, అంతా నీదే!" అని అరుస్తూ సగం బరువు తనే లాగేవాడు దొరికితే మరీ మంచిది. మీరు ఎత్తింది 100 అని ఊరికి చెప్పుకోవచ్చు, మిగతాది అతని నడుము చూసుకుంటుంది. మా బావమరిది చెప్పే ఒక మాట ఇక్కడ నన్ను చాలా విసిగించింది. క్రేనుకు సైగ చెయ్యడానికి ఒక్కడే ఉండాలట. పదిమంది చేతులూపితే ఆపరేటరు ఎవణ్ణి చూస్తాడు? కానీ "ఆపు" అన్న సైగ మాత్రం ఎవడు చేసినా ఆపాల్సిందే. స్వీపరు చేసినా, అటుగా పోతున్న టీ కుర్రాడు చేసినా. "మీ జిమ్ములో పదిమందీ 'ఎత్తు ఎత్తు' అంటారు. ఆపమనేవాడు ఒక్కడూ లేడేటి బావా?" అన్నాడు. ఉంటే అది జిమ్మెలా అవుతుంది!

సపోర్టుకి ఎవరూ లేని రాత్రి పది గంటలప్పుడు ఒక్కరే వెళితే ప్లేట్లకు లాకులు బిగించడం మరవకండి. లాకులు లేకపోతే రాడ్డు ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేసి బయటపడే అవకాశం ఉంది.

వారం లెక్క చూద్దాం. సోమవారం ఛాతీ. బుధవారం ఛాతీ. శుక్రవారం, వారం మొత్తం కష్టపడ్డాం కనుక, ఛాతీ. వీపు అద్దంలో కనబడదు కనుక దాని జోలికి పోవద్దు. పెదజాలరిపేట వైపు ఒడ్డున అలివి వల లాగే వాళ్ళను చూశాను. పదిహేను, ఇరవై మంది ఇసుకలో మడమలు తన్ని పెట్టి, వరసగా వెనక్కి నడుస్తూ గంటలకు గంటలు లాగుతారు. ఆ వీపులు చూస్తే, భుజాన్ని వెనకనుంచి పట్టి ఉంచే కండలు ఎక్కడెక్కడ ఉంటాయో బొమ్మ గీసి చూపించినట్టు ఉంటుంది. తోసే పని ఎంత చేస్తే లాగే పని కూడా కనీసం అంత చెయ్యాలన్నది వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళకి తోసే పనే లేదు. మనకి లాగే పని లేదు. లెక్క సరిపోయింది.

ఇంతకీ పడుకుని ఎత్తడం మన వైపు వాళ్ళ విద్య కాదు. ఉత్తరాంధ్రలో సంగిడీలు ఎత్తే పోటీలు ఇప్పటికీ పండగల్లో పెడతారు. రాతిని నేలమీంచి లేపి, నిలబడి, తల పైకి. బీచి రోడ్డులో విగ్రహమై నిలబడ్డ కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టం మనిషి. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్నవాడు, ఊపిరి బిగించి ఇనపగొలుసులు తెంపినవాడు. ఆయన బెంచి ఎంతో ఎవరికీ తెలియదు. సిక్కోలు పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ప్రతి కిలో నిలబడి ఎత్తినదే. ఒలింపిక్స్‌లో ఒకప్పుడు నిలబడి తల పైకి తోసే ప్రెస్ అనే మూడో అంశం ఉండేది. వెనక్కి వంగి వంగి దాదాపు పడుకున్నంత పని చేస్తున్నారని, తీర్పు చెప్పడం కష్టమైపోయిందని 1972 మ్యూనిక్ తర్వాత తీసేశారు. అటు అది పోయింది, ఇటు పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పుట్టింది, బెంచి సింహాసనం ఎక్కింది. మా జిమ్ము కుర్రాళ్ళు ఆదివారం పూట నాయుడుగారి విగ్రహం పక్కన కండ బిగించి ఫోటో దిగుతారు. ఆయన నిలబడి ఉంటాడు. వీళ్ళు సోమవారం వచ్చి పడుకుంటారు.

నా సంగతికి వస్తాను. జిమ్ము పేరు అనవసరం. కార్తీకమాసం, సోమవారం, ఉపవాసం కూడా. అప్పటికి మూడు వారాలుగా కుడి భుజం ముందువైపు లోపల ఎక్కడో చీమ కుట్టినట్టు నొప్పి. చొక్కా తొడుక్కునేటప్పుడు, స్కూటరు మీద వెనక్కి తిరిగి చూసేటప్పుడు. నొప్పి ఉన్నదంటే కండ పెరుగుతున్నదని అర్థం చేసుకున్నాను. మీరూ అలాగే అర్థం చేసుకోవాలి. ఆరోజు 85 కిలోలు అయింది. రాడ్డు పెట్టేసి లేస్తున్నాను. పక్కన నిలబడ్డ పాతికేళ్ళ కుర్రాడు ఎంతో మర్యాదగా, "అంకుల్, అయిపోయిందా మీది?" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. నిజంగానే బెంచి ఖాళీ అయిందా అని అడిగాడు.

చెరో వైపు 40 కిలోల ప్లేట్లు వేశాను. రాడ్డుతో కలిపి 100. సగం దాకా దిగింది. భుజం లోపల ఎండు చింతబరిక విరిచినట్టు "టక్" మంది. చుట్టూ "నీదే, నీదే" అంటున్నారు. నాదే.

భుజం పోగొట్టుకోవడం సగం విద్యే. దాన్ని మళ్ళీ రాకుండా చూసుకోవడంలో మిగతా సగం ఉంది. మొదట రోగానికి పేరు పెట్టాలి. మన వైపు భుజానికి వచ్చే జబ్బు ఒకటే: "నరం పట్టేసింది". తాడు వాచినా, చిరిగినా, కాలర్‌ఎముక కొస అరిగినా, కీలు బిగుసుకుపోయినా నరమే. నరం పట్టేసిందని చెప్పడానికి అత్తగారు చాలు, వాచ్‌మన్ చాలు. డాక్టరు దగ్గరికి వెళితే ఆ చెయ్యి ఇలా పెట్టు, అలా తొయ్యి, దేనికి నొస్తుంది అని పది నిమిషాలు పరీక్షించి లేనిపోని పేర్లు చెబుతాడు. అయినా తొందరేముంది? కేజీహెచ్ ఆసుపత్రి 1923 నుంచి అక్కడే ఉంది, ఇంకో నెల ఉండదా?

లేదూ, వెళ్ళి తీరాలంటే డాక్టరుకన్నా ముందు సొంతంగా ఎమ్మారై తీయించుకుని వెళ్ళండి. నలభై దాటిన భుజాల్లో నొప్పే లేని వాళ్ళకు కూడా స్కానులో చిన్న చిరుగులు కనబడుతుంటాయి. ఆ కాయితం పట్టుకుని రాత్రంతా సెల్లులో వెతుక్కుంటే భుజంతో పాటు నిద్ర కూడా పోతుంది.

నొప్పి బాముల గురించి. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టింది తలనొప్పుల లోకానికి. రాస్తే చర్మం చల్లగా, తర్వాత వెచ్చగా అవుతుంది, మనసు అటు పోతుంది, హాయిగా ఉంటుంది. హాయిగా ఉంది కనుక నయమైపోయిందని తీర్మానించి మర్నాడే బెంచి ఎక్కాలి. చాలకపోతే మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి బిళ్ళలు. కడుపులో మంట, కిడ్నీల మీద బరువు లాంటివి బిళ్ళ వెనకాల సన్నక్షరాల్లో ఉంటాయి, మనకి చత్వారం. బిళ్ళ వేసుకుని ఎత్తడంలో గొప్ప సౌకర్యం ఉంది. నొప్పి అనేది ఆ టీ కుర్రాడు చేసే "ఆపు" సైగ, బిళ్ళ వాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగేస్తుంది. కీలులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒకసారి డాక్టరు ఇచ్చాడంటే లెక్కుంటుంది. మీరు మాత్రం బాగుందని మూడు నెలలకోసారి అడిగి వేయించుకోండి, తాడు మెత్తబడుతుంది.

కట్టు కట్టించుకోవడం ఇంకో దారి. పుత్తూరు కట్టు ఎముక విరిగిన వాళ్ళ కోసం పుట్టింది. మనది ఎముక కాదు, అయినా కట్టేవాడు అడగడు, మనం చెప్పం. చెయ్యి రొమ్ముకు ఆనించి నెలన్నర కదలకుండా ఉంచితే కీలు చుట్టూ ఉన్న సంచి బిగిసి, భుజం గడ్డకట్టినట్టవుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఈ భాగ్యం మరీ త్వరగా దొరుకుతుంది. తర్వాత జుట్టు దువ్వుకోవడానికి తలే చేతి దగ్గరికి రావాలి.

ఒక్కచోట మాత్రం నేను వంకర మాట ఆడను. "టక్" మన్న తర్వాత రెట్ట దాకా నల్లగా కమిలినా, చంక ముందు మడత మాయమై రెండు వైపులా రొమ్ము తేడాగా కనిపించినా, చెయ్యి పక్కకు లేవనే లేవకపోయినా, వేళ్ళు మొద్దుబారినా, అది ఆ వారంలోనే ఎముకల డాక్టరు చూడాల్సింది. తెగిన ఛాతీ కండను తొలి వారాల్లో కుట్టినంత బాగా నెలల తర్వాత కుట్టలేరు. ఎడమ భుజం నొప్పితో పాటు రొమ్ము బరువు, చల్లటి చెమట, ఆయాసం ఉంటే అది బెంచి నొప్పి కాదు. 108కి ఫోన్ చెయ్యాలి.

నేను చివరికి వెళ్ళింది బావమరిది తీసుకెళితేనే. తెగలేదు, పైతాడు కొంత చిరిగింది, కోత అక్కర్లేదన్నారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పచ్చ రబ్బరు పట్టీ ఒకటి చేతిలో పెట్టింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టి, తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి తిప్పమంది. పదిహేనుసార్లు, మూడు విడతలు, రోజూ. 100 కిలోల మనిషి చేత తలుపు తీయిస్తోంది! ఆ నలుగురు బోయీల్ని మళ్ళీ పనిలోకి పిలవడమట అది. పదికి మూడు మార్కులకు మించి నొప్పి రాకూడదు, వచ్చింది మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి, తగ్గితేనే ముందుకి. తర్వాత గోడకి చేతులానించి తోపులు. తర్వాత నేల మీద పడుకుని, అరచేతులు ఎదురెదురుగా పెట్టి చిన్న డంబెళ్ళు. నేల ఉండడం వల్ల మోచేతులు వీపు కన్నా కిందికి దిగవు. నొప్పి ఉన్న పక్కకి తిరిగి పడుకోవద్దంది. వీటిలో ఏది పాటించినా మీరు కోలుకునే ప్రమాదం ఉంది. నేను మొదటి రెండు వారాలు ధైర్యంగా ఎగ్గొట్టాను. ఎనిమిదో వారంలో అవ్వాల్సింది పన్నెండో వారానికి అయింది.

చెయ్యి మెడలో వేలాడుతున్న తొలిరోజుల్లో బావమరిది వచ్చి, డ్యూటీ నుంచి తెచ్చిన పెయింట్ మార్కరుతో నా జిమ్ము సంచి మీద "ఎస్.డబ్ల్యూ.ఎల్. 1 కిలో" అని రాశాడు. పిల్లలు నవ్వారు. తర్వాత దాన్ని కొట్టేసి 3 అన్నాడు, 5 అన్నాడు.

మొన్న ఆదివారం నాతో పాటు జిమ్ముకి వచ్చాడు. బెంచి మీద పడుకున్నాను. కాళ్ళు నేలకు ఆన్చాను. రెక్క ఎముకలు దగ్గరికి లాగాను. బొటనవేళ్ళు చుట్టూ తిప్పాను. పక్కన అదే కుర్రాడు, "అంకుల్, ఎంత పెట్టమంటారు?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఒట్టి రాడ్డు, పదిసార్లు.

బావమరిది సంచి మీది 5 కొట్టేసి 20 అని రాశాడు. పక్కన తేదీ వేసి, సంతకం కూడా పెట్టాడు.